కలబంద: గుజ్జు వేరు, చేదు సొన వేరు (మీ ప్రశ్నలు, నా జవాబులు)

పోయిన నెల ఎండకు కమిలిన చర్మం గురించి రాస్తూ "కలబంద గుజ్జు పూసుకోండి" అని ఒక్క వాక్యం రాశాను. దానికే ఇన్ని ప్రశ్నలు వస్తాయని అనుకోలేదు. అనంతపురం, కడప, కర్నూలు వైపు నుంచి వచ్చినవే ఎక్కువ. మన సీమలో కలబంద లేని ఇల్లు తక్కువ కదా, కుండీలో లేకపోతే గుమ్మానికైనా వేలాడుతూ ఉంటుంది. అందుకని ఈసారి శీర్షిక మొత్తం దానికే ఇచ్చేస్తున్నాను. పొడవైన ఉత్తరాలు కుదించాను, పేర్లు తీసేశాను, ఊళ్ళు మాత్రం ఉంచాను.

ప్రశ్న: నమస్తే డాక్టరమ్మా. మా ఆయనకు 48 ఏళ్ళు. షుగరు, బీపీ రెండూ ఉన్నాయి, రెండింటికీ మాత్రలు వాడతాడు, బీపీకి ఇచ్చినవాటిలో ఒకటి నీళ్ళ మాత్ర (మూత్రం ఎక్కువగా పోయేలా చేసేది) అని చెప్పినారు. మూడు నెలల కింద ఫోన్లో ఎవరో చెప్పింది చూసి పరగడుపున కలబంద జ్యూస్ మొదలుపెట్టినాడు. మట్ట కోసి, ముళ్ళు తీసి, తొక్కతో సహా మిక్సీలో వేసి ఒక గ్లాసు తాగుతాడు. మొదట్లో కడుపు తేలికైంది, మలబద్ధకం పోయింది అని సంతోషపడినాడు. ఇప్పుడు రోజుకు నాలుగైదు సార్లు విరేచనాలు, కడుపులో మెలిపెట్టినట్టు నొప్పి, రాత్రిపూట పిక్కలు పట్టేస్తున్నాయి. మానమంటే "లోపలి విషమంతా బయటికి పోతోంది, అందుకే అట్ల" అంటాడు. నాకు టెన్షన్‌గా ఉంది. (ధర్మవరం)

జవాబు: అమ్మా, ముందు ఆ గ్లాసు ఆపించండి. రేపటి నుంచి కాదు, ఈ రోజు నుంచే. తర్వాత ఒకటి రెండు రోజుల్లో ఆయనకు మాత్రలు రాసే డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళి, మూడు నెలలుగా కలబంద తాగుతున్నాడని దాచకుండా చెప్పి, రక్తంలో పొటాషియం, క్రియాటినిన్ (మూత్రపిండాల పనితీరు చెప్పేది) ఎంత ఉన్నాయో చూపించుకోండి. గుండె దడ, కళ్ళు తిరగడం, మూత్రం బాగా తగ్గిపోవడం ఉంటే ఆ ఒకటి రెండు రోజులు కూడా ఆగొద్దు. ఇక ఎందుకో చెప్తాను, ఆయన్ని పక్కన కూర్చోబెట్టుకుని చదివి వినిపించండి.

బాగా ముదిరిన మట్ట ఒకటి మొదలు దగ్గర కోసి, కోసిన వైపు కిందికి ఉండేలా స్టీలు గ్లాసులో నిలబెట్టండి. కాసేపటికే గ్లాసు అడుగుకు పసుపు పచ్చటి సొన చుక్కలు చుక్కలుగా దిగుతుంది. ఘాటైన వాసన, నాలుక కొసకు తగిలితే ఎంతకీ వదలని చేదు, బట్ట మీద పడితే మరక. అలాగే వదిలేస్తే ఒకటి రెండు రోజుల్లో గోధుమరంగుకు తిరిగి గట్టిపడుతుంది. మూలికల అంగట్లో ముసాంబరం అని నల్లగా గడ్డలు గడ్డలుగా అమ్ముతారే, అది ఈ ఎండిన సొనే. ఇది మట్టలో అంతటా ఉండదు, ఆకుపచ్చ తొక్కకు లోపలివైపు అంటుకుని పలుచని పొరగా ఉంటుంది. దాని లోపల అద్దంలా, చేతిలో నిలవకుండా జారిపోయేది గుజ్జు. ఆ గుజ్జులో నూటికి తొంభై తొమ్మిది పాళ్ళ దాకా నీళ్ళే, మిగతా కొద్దిపాటిలో జిగురు పదార్థాలు, కొన్ని లవణాలు, కాసిన్ని విటమిన్లు. కాబట్టి ఒకే మట్టలో రెండు వేరు వేరు మందులు పక్కపక్కనే ఉన్నాయన్నమాట. ఆ రెంటినీ కలిపి మిక్సీలో వేయడమే మీ ఇంట్లో జరుగుతున్న పొరపాటు.

చేదు సొనలో అలోయిన్ అనే పదార్థం ఉంటుంది. అది పెద్దపేగుకు చేరాక అక్కడి సూక్ష్మజీవులు దాన్ని మార్చి ఘాటైన రేచకంగా తయారుచేస్తాయి, అది పేగు గోడను రెచ్చగొట్టి నీళ్ళను లోపలికి లాగుతుంది. మెలిపెట్టే నొప్పి, విరేచనం ఆ పనే. బయటికి పోతున్నది విషం కాదమ్మా, ఒంట్లో నీళ్ళు, ఉప్పులు, ముఖ్యంగా పొటాషియం. పొటాషియం తగ్గితే కండరాలు పట్టేస్తాయి, ఇంకా తగ్గితే గుండె కొట్టుకునే లయే తప్పుతుంది. బీపీకి వాడే నీళ్ళ మాత్రల్లో చాలావాటికి కూడా పొటాషియం తగ్గించే గుణం ఉంది. అంటే ఆయన ఒకే తొట్టికి రెండు వైపులా తూము తీసిపెట్టినట్టు. గుండెకు డిగాక్సిన్ వాడేవాళ్ళకైతే ఇది మరీ ప్రమాదం.

షుగరు సంగతి. కలబంద వల్ల పరగడుపు షుగరు కొంత తగ్గినట్టు చిన్న చిన్న పరిశోధనల్లో కనిపించిన మాట నిజమే. కానీ మాత్ర మానేసి దీన్ని నమ్ముకునేంత బలం వాటికి లేదు, మాత్రతో పాటు తాగితే ఒక్కోసారి షుగరు బాగా పడిపోవచ్చు కూడా. ఒళ్ళంతా చెమట, చేతులు వణకడం కనిపిస్తే ఆ సంగతి గుర్తుపెట్టుకోండి.

నేను ఆయుర్వేదం చదివినదాన్ని. అందుకే అడుగుతారు, "మన శాస్త్రంలోనే కుమారి అని, ఘృతకుమారి అని పొగిడారు కదా, మీరే వద్దంటే ఎలా" అని. పొగిడారు, నిజమే. కానీ పొగిడినవాళ్ళే దాన్ని మోతాదు కట్టి, వేరే ద్రవ్యాలతో కలిపి, కుమార్యాసవం లాంటి ఆసవంగా (పులియబెట్టిన మందుగా) చేసి, మనిషిని చూసి ఇమ్మన్నారు. పరగడుపున గ్లాసుల కొద్దీ తొక్కతో తాగమని ఏ వైద్యుడూ చెప్పలేదు. అమెరికాలో 2002లో ఈ చేదు సొన కలిసిన విరేచన మందులను, అవి సురక్షితమని కంపెనీలు ఆధారాలు చూపించలేదని, చీటీ లేకుండా అమ్మే మందుల్లోంచి తీసేయించారు. తొక్కతో సహా మొత్తం మట్ట నుంచి తీసిన సారాన్ని రెండేళ్ళ పాటు నీళ్ళలో కలిపి ఎలుకలకు ఇస్తే పెద్దపేగులో కణుతులు వచ్చాయి, ఆ ఆధారం మీద ప్రపంచ ఆరోగ్య సంస్థ కింద పనిచేసే క్యాన్సర్ పరిశోధన సంస్థ ఆ సారాన్ని "మనుషుల్లో క్యాన్సర్ కలిగించే అవకాశం ఉన్నవి" అనే జాబితాలో చేర్చింది. దీనితో భయపడి పెరట్లో మొక్క పీకేయకండి. అది చర్మానికి పూసే గుజ్జు గురించి చెప్పిన మాట కాదు, మొత్తం మట్ట సారం తాగడం గురించి చెప్పిన మాట. ఎండిన సొన రోజుకు ఒక గ్రాము చొప్పున కొన్ని రోజులు తీసుకుంటేనే మూత్రపిండాలు దెబ్బతిన్న సందర్భాలు వైద్యానికి తెలుసు. ఒక గ్రాము అంటే ఎంత, చిటికెడు.

ఆయనకు మొదట్లో మలబద్ధకం ఉండేదన్నారు కదా, దానికి వేరే దారి చూద్దాం. రాత్రి జొన్నరొట్టె, ఆకుకూర పప్పు, పగలు నీళ్ళు బాగా, సాయంత్రం ఒక అరగంట నడక, అప్పటికీ కాకపోతే డాక్టరు చెప్పిన ఇసబ్గోల్. ఒకటి మాత్రం ముందే చెప్తున్నాను, మూడు నెలలు రేచకానికి అలవాటు పడిన పేగు, ఆపిన మొదటి వారం పది రోజులు మొరాయిస్తుంది. "చూశావా, కలబంద మానేస్తే మళ్ళీ బిగబట్టింది" అని ఆయన అంటాడు. ఆ మాటకు లొంగకండి.

ప్రశ్న: మేడమ్, మా చేని గట్టు మీద మనిషి నడుమెత్తు కలబందలు ఉన్నాయి. మొటిమలకు మంచిదని ఒక మట్ట కోసి రసం ముఖానికి పూసుకున్నాను. పది నిమిషాల్లో మంట, దురద, తెల్లారేసరికి చిన్న చిన్న పొక్కులు. కలబంద నాకు పడదా? వయసు 21. (పులివెందుల దగ్గర పల్లె)

జవాబు: నాయనా, నువ్వు పూసుకున్నది కలబంద కాదు, కిత్తనార. మన వైపు చాలామంది దాన్ని కూడా కలబంద అనే పిలుస్తారు, అదే తిప్పలు తెచ్చింది. చేలకు కంచెగా, రైలు కట్టల వెంబడి, మట్టలు దంచి నార తీసి తాళ్ళు పేనడానికి పెంచిన మొక్క అది, మెక్సికో నుంచి వచ్చింది. కలబంద పుట్టిల్లు వేరు, అరేబియా వైపు. చూడ్డానికి అక్కాచెల్లెళ్ళలా ఉన్నా రెండూ ఒక కుటుంబం కూడా కాదు.

గుర్తుపట్టడం కష్టం కాదు. కిత్తనార మట్ట చివర గుచ్చుకుంటే రక్తం వచ్చేంత గట్టి నల్లటి ముల్లు ఉంటుంది. కలబందకు అంచుల వెంట రంపపు పళ్ళలా చిన్న ముళ్ళు ఉంటాయి, కానీ అవి మెత్తన, చివర కూడా అంత వాడిగా ఉండదు. విరిచి చూస్తే ఇంకా తేలిక: కలబంద మట్ట టక్కున విరుగుతుంది, లోపల గుజ్జు, పక్కన పసుపు సొన. కిత్తనార విరగనే విరగదు, నార పీచులు సాగుతాయి, గుజ్జు ఉండదు. ఇంకో సంగతి, కిత్తనార ఎన్నో ఏళ్ళకు ఒక్కసారి స్తంభం లాంటి పొడవాటి పూలకాడ వేసి, పూసి, ఆ తర్వాత చచ్చిపోతుంది. కలబంద ముదిరాక దాదాపు ఏటా పూస్తుంది, చావదు.

కిత్తనార రసంలో కంటికి కనిపించనంత సన్నటి సూదుల్లాంటి స్ఫటికాలు ఉంటాయి, కాల్షియం ఆక్సలేటువి. అవి చర్మంలో గుచ్చుకుని చేసిన మంటే అది. ఇప్పుడు గోకకు, చల్లటి నీళ్ళతో మెల్లగా కడుగు, సబ్బు రుద్దొద్దు, మళ్ళీ ఏ ఆకూ పూయొద్దు. కంటి చుట్టూ వాపు వచ్చినా, పొక్కులు పాకుతున్నా చర్మ వైద్యుడికి చూపించుకో. తగ్గాక, అసలు కలబందే దొరికినా నేరుగా ముఖానికి వద్దు. మోచేయి మడత లోపల కొంచెం రాసి ఒక రోజు ఆగి చూడు. అసలు కలబంద కూడా పడనివాళ్ళు కొందరు ఉంటారు. మొటిమలకు అది ఒంటరిగా చేసే మేలు కొద్దే, డాక్టరు ఇచ్చిన మందు వల్ల చర్మం ఎండిపోతుంటే తడి నిలపడానికి బాగా పనికొస్తుంది.

ప్రశ్న: అక్కా, ఆదివారం ఉగ్గానిలోకి బజ్జీలు వేస్తుంటే మిరపకాయ పేలి నూనె ముంజేతి మీద చిందింది. మా అత్తమ్మ వెంటనే కుండీలోంచి కలబంద తెంపి రుద్దింది. మా ఆడబిడ్డేమో పేస్టు పూయాలి అని పోట్లాట. ఇద్దరిలో ఎవరిది కరెక్టు? చెయ్యి ఇప్పుడు బాగానే ఉంది, ఒక్కచోట మాత్రం చిన్న బొబ్బ. (ఆదోని)

జవాబు: మీ అత్తమ్మది సగం కరెక్టు. ఆమె చేసింది మంచి పనే కానీ రెండో పని. మొదటి పని నీళ్ళు. కాలిన చోట మీద మామూలు చల్లటి నీళ్ళు ధారగా ఇరవై నిమిషాలు పడాలి. ఐస్ వద్దు, పేస్టు వద్దు, సిరా వద్దు, పసుపు వద్దు. చర్మం పైన కాలడం ఆగినా లోపల వేడి ఇంకా దిగుతూ ఉంటుంది, నీళ్ళు ఆ వేడిని లాగేస్తాయి. నీళ్ళు పోయకుండా దేన్ని పూసినా, ఆఖరికి కలబందైనా, ఆ వేడిని లోపలే మూసిపెట్టినట్టు అవుతుంది.

ఇరవై నిమిషాలంటే ఎంతసేపో నాకు స్వయంగా తెలిసింది. రెండేళ్ళ కింద ఇడ్లీ పాత్ర మూత తీస్తూ ఆవిరికి మణికట్టు కాల్చుకున్నాను. ఐదు నిమిషాలకే చాల్లే అనిపించింది, మంట తగ్గింది కదా అని చెయ్యి తీస్తే మళ్ళీ భగ్గుమంది, మళ్ళీ పెట్టాను. ఇంకో సంగతి కూడా ఆ రోజే తెలిసొచ్చింది. అది ఏప్రిల్ నెల, అనంతపురంలో మిద్దె మీది ట్యాంకు నీళ్ళు మధ్యాహ్నానికి కాగిపోయి ఉంటాయి, కుళాయి తిప్పితే వేడినీళ్ళే వచ్చాయి! వంటింట్లో బిందె నీళ్ళు చెంబుతో పోసుకోవాల్సి వచ్చింది. మన ఊళ్ళలో ఎండాకాలం ఎవరికైనా కాలితే ముందు కుళాయి నీళ్ళు ఎలా ఉన్నాయో చూసి, బిందెలోవో తొట్టిలోవో చల్లటివి వాడండి. గాజులు, ఉంగరం వాపు రాకముందే తీసేయండి, తర్వాత అవి రావు.

చర్మం చిట్లకుండా ఎర్రగా కందిన చోట మాత్రమే, నీళ్ళ పని అయ్యాక, గుజ్జు పూయండి. అది కూడా రుద్దడం కాదు. మట్ట కడిగి, కోసి, గ్లాసులో పదిహేను నిమిషాలు నిలబెట్టి సొన దిగనివ్వాలి. రెండు అంచుల ముళ్ళు చెక్కేయాలి, పైతొక్కను చాకు పడుకోబెట్టి లాగేయాలి, వచ్చిన గుజ్జు ముక్కను నీళ్ళలో రెండుసార్లు జాడించాలి. పసుపు గీత ఎక్కడ కనిపించినా అంతవరకు కోసి పారేయండి. చేతిలో జారి కిందపడుతుంది, జాగ్రత్త, చాకు కూడా జారుతుంది, పట్టుకోవడానికి పొడిబట్ట వాడండి. మిగిలింది మూతగిన్నెలో ఫ్రిజ్‌లో పెడితే రెండు మూడు రోజులు ఆగుతుంది, అంతకు మించి వద్దు.

కాలిన గాయాల మీద కలబందకు ఉన్న పేరు ఊరికే రాలేదు. 1935లో అమెరికా వైద్యులు, ఎక్స్‌రే కిరణాల వల్ల నుదుటి చర్మం దెబ్బతిన్న ఒకామెకు కలబంద ఆకు వాడగా మానిందని పత్రికలో రాశారు, ఆ తర్వాతే పరిశోధకులు దీని మీద ఎక్కువగా పడ్డారు. పైపైన కాలిన గాయాలు కొంచెం త్వరగా మానుతున్నట్టు తర్వాత చేసిన పరిశీలనల్లో కొన్ని చూపించాయి. వింతేమిటంటే, మొదట పేరు తెచ్చిన ఆ రేడియేషన్ మంటకే, క్యాన్సర్ రోగుల్లో పరీక్షిస్తే గట్టి ఫలితం కనిపించలేదు.

మీ బొబ్బ సంగతి: పగలగొట్టొద్దు, దాని మీద పచ్చి కలబంద వద్దు. పెరట్లో మట్ట ఎంత కడిగినా ఆసుపత్రి దూదిలా శుభ్రం కాదు, పచ్చి పుండులోకి క్రిములు పోతాయి. శుభ్రమైన పలుచని గుడ్డ కప్పి ఉంచండి. కాలినది ఆ మనిషి అరచేయి కంటే పెద్దదైనా, ముఖం, కీళ్ళు, అరచేతులు, మర్మావయవాల దగ్గరైనా, చర్మం తెల్లబారినా నల్లబడినా, చిన్నపిల్లలకైతే కొంచెమైనా, ఇంటి వైద్యం అక్కడితో ఆపి ఆసుపత్రికి.

ప్రశ్న: కలబంద తలకు పెడితే రాలిన జుట్టు మళ్ళీ వస్తుందా? (కదిరి)

జవాబు: రాదు. తల చర్మం ఎండి దురద పెడుతుంటే, పొట్టు రాలుతుంటే కొంత హాయి ఇస్తుంది, జుట్టు మెత్తబడుతుంది. అంతవరకే. కుచ్చులు కుచ్చులుగా రాలుతుంటే రక్తం, థైరాయిడ్ పరీక్ష చేయించుకోండి, అసలు కారణం అక్కడ దొరుకుతుంది.

ప్రశ్న: మా చెల్లెలికి ఐదో నెల. మలబద్ధకంతో చాలా ఇబ్బంది పడుతోంది. తెలిసిన పెద్దావిడ శనగగింజంత ముసాంబరం బెల్లంలో పెట్టి మింగమంటోంది. ఇవ్వొచ్చా? (ప్రొద్దుటూరు)

జవాబు: వద్దు. బెల్లంలో పెట్టినా తేనెలో పెట్టినా వద్దు. ఇది ఇంగ్లీషు మందుల వాళ్ళ భయం అని పెద్దావిడ అంటే, ఆమెకు మన మందు పేరే చెప్పండి: ఆయుర్వేదంలో రజఃప్రవర్తినీ వటి అని ఒక మాత్ర ఉంది, ఆగిపోయిన ముట్టు రావడానికి ఇస్తారు, అందులో ముసాంబరం ఉంటుంది. ముట్టు తెప్పించే మందులో వేసే సరుకు కడుపుతో ఉన్నవాళ్ళకు ఇస్తారా? ఆ ఒక్క మాటకు ఆమె ఒప్పుకుంటుంది. చెల్లెలికి ఐరన్ మాత్రల వల్ల కూడా బిగబట్టి ఉండొచ్చు, నెలనెలా చూసే డాక్టరమ్మను అడిగితే మాత్ర మారుస్తారు, లేదా కడుపుతో ఉన్నప్పుడు వాడదగ్గ మందు రాస్తారు.

ఇదే మాటలో ఇంకోటి చెప్పాలి. ప్రసవమయ్యాక, బిడ్డకు పాలు మాన్పించడానికి రొమ్ముకు కలబంద చేదో ముసాంబరమో పూయడం మన పల్లెల్లో ఇప్పటికీ ఉంది. బిడ్డ ముఖం చిట్లించుకుని వదిలేస్తుందని చేస్తారు. కానీ వదిలేలోపు రెండు మూడు సార్లు నాకుతుంది కదా, ఆ చేదే విరేచనాల మందు. ఏడాది బిడ్డకు విరేచనాలు పట్టుకుంటే ఎంత త్వరగా వాడిపోతుందో చూసినవాళ్ళకు తెలుసు. పాలు మెల్లగా, ఒక్కో పూట తగ్గిస్తూ మాన్పించండి. చేదు పూసి బిడ్డను భయపెట్టే ఆ పద్ధతి నాకు ఎప్పుడూ నచ్చలేదు.

ప్రశ్న: కాలు బెణికితే మా నాయన ముసాంబరం నీళ్ళలో అరగదీసి, వెచ్చచేసి పట్టు వేస్తాడు. ఇది కూడా తప్పేనా? (నంద్యాల)

జవాబు: తప్పు కాదండీ. పైన వేసేది, చర్మం తెగకుండా ఉంటే వెయ్యొచ్చు. వేడి చూసుకుని వేయండి. అయితే కాలు నేల మీద మోపలేకపోతే, ఎముక మీద నొక్కితే ప్రాణం పోయినట్టు ఉంటే పట్టు వేసి ఎదురుచూడకండి, ఎక్స్‌రే తీయించండి. ముసాంబరం గడ్డను పిల్లలకు అందనిచోట పెట్టమని మీ నాయనకు చెప్పండి.

ప్రశ్న: అంగట్లో దొరికే ఆకుపచ్చ జెల్ మంచిదా, చెట్టుదే మంచిదా? (కర్నూలు)

జవాబు: అసలు గుజ్జుకు రంగు ఉండదు. ఆ ఆకుపచ్చ కలిపిన రంగు. డబ్బా వెనక పదార్థాల వరసలో కలబంద పేరు మొదట్లో ఉందా చివర్లో ఉందా చూడండి, వరస ఎక్కువ నుంచి తక్కువకు రాస్తారు. సువాసన ఎక్కువ ఉన్నది ముఖానికి వద్దు. పడితే కుండీలోదే చవక.

ప్రశ్న: మేడమ్ గారూ, నేను తొమ్మిదో తరగతి చదువుతున్నాను. మా గుమ్మానికి దిష్టికి కట్టిన కలబంద ఏడు నెలలుగా తలకిందులుగా వేలాడుతోంది. మట్టి లేదు, నీళ్ళు లేవు. అయినా పచ్చగా ఉంది, పైగా కొత్త ఆకు వచ్చి పైకి వంపు తిరిగింది. దిష్టిని తిని బతుకుతుంది అని మా తాత అంటాడు. మా సైన్సు సారు ఎవరినైనా అడిగి రమ్మన్నాడు. (గుంతకల్లు)

జవాబు: తల్లీ, ఈ నెల వచ్చిన ప్రశ్నలన్నింటిలో నాకు బాగా నచ్చింది నీదే. నువ్వు చూసి రాశావు, ఆ వంపు సంగతి చాలామంది పెద్దవాళ్ళు కూడా గమనించరు.

మామూలు మొక్కలు పగలు ఆకు రంధ్రాలు తెరిచి గాలి పీలుస్తాయి, తెరిచినప్పుడల్లా లోపలి నీళ్ళు ఆవిరై పోతాయి. మన అనంతపురం ఎండలో పగలు తలుపులు తెరిచి కూర్చుంటే ఏమవుతుందో నీకు తెలుసు. కలబంద ఆ పని రాత్రి చేస్తుంది. చల్లబడ్డాక రంధ్రాలు తెరిచి, కార్బన్ డయాక్సైడు తీసుకుని, మాలిక్ ఆమ్లంగా మార్చి దాచుకుంటుంది. తెల్లవారగానే తలుపులు మూసేసి, దాచుకున్న సరుకుతో, వెలుతురులో లోపల్లోపలే వంట చేసుకుంటుంది. పైన మైనం పూసినట్టుండే తొక్క, లోపల నీళ్ళను పట్టి ఉంచే జిగురు గుజ్జు. ఏడాదికి సగటున 550 మిల్లీమీటర్ల వాన పడితే గొప్ప అనుకునే మన నేలలో ఈ మొక్క ఇంత సుఖంగా ఉండడానికి కారణం అదే.

కొత్త ఆకు ఎక్కడి నుంచి వచ్చిందంటే, పాత ఆకుల నుంచి. అడుగున ఉన్న పాత మట్టలు పట్టుకుని చూడు, ఏడు నెలల కింద ఉన్నంత లావు ఉండవు, పలచబడి, ముడుచుకుని ఉంటాయి. తమ నీళ్ళు కొత్తదానికి ఇస్తున్నాయి. వంపు తిరగడం ఎందుకంటే, భూమి ఎటు లాగుతోందో మొక్కకు తెలుస్తుంది, కాండం దానికి ఎదురుగా పైకి తిరుగుతుంది. నీకు ఒక పని చెప్తాను. మొక్కను దింపి, అంగడి కాటాలో తూకం వేయించి, మళ్ళీ కట్టు. ప్రతి ఆదివారం అలాగే తూచి నోటుబుక్కులో రాయి. రెండు నెలల్లో నీ దగ్గర ఉన్న అంకెలు మీ సారుకు చూపించు, కొత్త ఆకు పెరుగుతున్నా మొత్తం బరువు తగ్గుతూ వస్తుంది. దిష్టి సంగతి తాత నమ్మకం, దాని జోలికి నేను రాను. కానీ మొక్క తింటున్నది మాత్రం తన ఒంట్లో దాచుకున్నదే.

గదిలో పెడితే రాత్రంతా ఆక్సిజన్ ఇస్తుంది అని ఎవరైనా చెప్తే, గది గాలి మారేంత ఒక కుండీ ఏమీ చేయదు అని చెప్పు. ఇంట్లో కుక్కగానీ పిల్లిగానీ ఉంటే అవి కొరకకుండా చూడు, ఆ చేదు సొన వాటికి వాంతులు, విరేచనాలు తెస్తుంది.

పండక్కి కొత్త మొక్క కట్టినప్పుడు పాతదాన్ని చెత్తబండిలో వేయనివ్వకు. ఎండిన వేర్లు కత్తిరించి, అడుగున చిల్లు ఉన్న కుండీలో ఎర్రమట్టి, ఇసుక సగం సగం కలిపి నాటు. మొదటి వారం నీళ్ళు పోయకు, ఏడు నెలలు ఆగింది, వారం ఆగలేదా. తర్వాత కూడా మట్టి పూర్తిగా ఎండాకే పోయాలి, కుండీల్లో కలబంద చచ్చేది ఎక్కువ నీళ్ళకే. వేరు పట్టిందంటే మొదలు దగ్గర పిలకలు వస్తాయి. నాలుగు వేళ్ళంత ఎత్తు పెరిగాక ఒక పిలక విడదీసి మీ సైన్సు సారుకు ఇవ్వు, ఇంకొకటి తాతకు ఇచ్చి మళ్ళీ గుమ్మానికి కట్టమను.